నాలుగున్నరేళ్ళు నిండలేదు, 44 అంగుళాలు దాటాడు: ఓర్లాండోలో వీణ్ణి ఏవి ఎక్కించాలి?

తెనాలి_అమ్మాయి
మార్చి 3, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలో ఉంటాం. ఏప్రిల్ రెండో వారంలో ఫ్లోరిడాలోని ఓర్లాండోకి, అక్కడి డిస్నీ వరల్డ్ వినోద పార్కులకు నాలుగు రోజులు వెళ్తున్నాం. మేమిద్దరం, బాబు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు.

బాబుకి నాలుగేళ్ళ ఐదు నెలలు. మొన్న డాక్టర్ దగ్గర కొలిస్తే 44న్నర అంగుళాలు, అంటే 113 సెంటీమీటర్లు ఉన్నాడు. మా వారు ఆరడుగుల రెండు అంగుళాలు, అదే పోలిక. ప్రీస్కూల్ ఫొటోలో పక్క పిల్లలు వీడి భుజాల దాకా వస్తారు.

మా వారు కూర్చుని, ఏ రైడ్ ఎక్కాలంటే కనీసం ఎంత ఎత్తుండాలో చూసి లిస్టు రాశారు. 44 అంగుళాలు అడిగేవి కూడా అందులో ఉన్నాయి: రాకెట్ లాంటి బండ్లున్న స్పేస్ మౌంటెన్, ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ అనే రోలర్ కోస్టర్లు (పట్టాల మీద ఎత్తుపల్లాలుగా దూసుకుపోయే బండ్లు), గాల్లో ఎగిరినట్టుండే ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్. 40 అడిగేది కాబట్టి టవర్ ఆఫ్ టెర్రర్ కూడా పెట్టారు. "వాళ్ళే ఎక్కించుకుంటామంటుంటే మనకేంటి భయం" అంటున్నారు. నాకేమో మనసు ఒప్పుకోవడం లేదు. వీడు మిక్సీ వేస్తే చెవులు మూసుకుని హాల్లోకి పారిపోతాడు. రాత్రి బాత్రూమ్ లైటు వేసి ఉంచితేగానీ పడుకోడు. కానీ పార్కులో ఉయ్యాల మాత్రం ఎంత ఎత్తు ఊపినా "ఇంకా, ఇంకా" అంటాడు. ఇలాంటి పిల్లలున్నవాళ్ళు ఎలా తేల్చుకున్నారో చెప్పండి.

సీతమ్మధార_టాంపా
మార్చి 3, రాత్రి 10:05

మేము ఆ పార్కులకు గంటన్నర దూరంలో ఉంటాం. ఏడాది పాస్ తీసుకుని ఇద్దరు పిల్లలతో ఆరేళ్ళుగా తిరుగుతున్నాం. మిక్సీ, బాత్రూమ్ లైటు, ఉయ్యాల అని మీరు రాసిన మాటల్లోనే మీకు కావలసిన జవాబు సగం ఉందండీ. వాడికి చీకటంటే పడదు, పెద్ద శబ్దమంటే పడదు, వేగం, ఎత్తు ఇష్టం. ఈ మూడూ వేర్వేరు సంగతులు. మనం అన్నీ కలిపి "భయం" అనేస్తాం.

మీ వారికి ఈ ఒక్క సంగతి చెప్పండి. టవర్ ఆఫ్ టెర్రర్‌కి 40 అంగుళాలు చాలు, స్పేస్ మౌంటెన్‌కి 44 కావాలి. ఆ లెక్కన టవరే తేలిక అనుకోవాలి కదా? కాదు. అది లిఫ్టులో కూర్చోబెట్టి పైనుంచి కిందికి పడేసే రైడ్. అక్కడ లిఫ్టు ఊరికే వదిలేయరు, మోటార్లతో కిందికి లాగుతారు. సీట్లోంచి ఒళ్ళు పైకి లేస్తుంది. ఎన్నిసార్లు పడుతుందో, ఎప్పుడు పడుతుందో ముందు తెలియదు. నా పెద్ద కొడుకు తొమ్మిదేళ్ళప్పుడు ఎక్కి, దిగాక పావుగంట మాట్లాడలేదు. బోర్డు మీది అంకె భయానికి కొలత కాదు.

ఇంకోటి. స్పేస్ మౌంటెన్ వేగం గంటకు 30 మైళ్ళ లోపే. స్లింకీ డాగ్ డ్యాష్ అనే ఇంకో కోస్టర్ దానికన్నా వేగంగా పోతుంది, దానికి 38 అంగుళాలు చాలు. స్లింకీ ఆరుబయట, ఎండలో, ముందు ఏ మలుపు వస్తుందో కనిపిస్తుంది. స్పేస్ మౌంటెన్ కటిక చీకట్లో. ఉయ్యాల ఇష్టపడి చీకటికి జడిసే పిల్లాడికి ఏది నప్పుతుందో మీకే తెలుస్తుంది.

ముఖ్యమైనది చివర చెప్తున్నాను. ఓర్లాండో స్పేస్ మౌంటెన్‌లో ఇద్దరు పక్కపక్కన కూర్చునే సీట్లు లేవు. ఒకరి వెనక ఒకరు. మీ వాడి సీట్లో మీ వాడు ఒక్కడే. చెయ్యి పట్టుకోవాలన్నా కుదరదు.

ఓరుగల్లు_నాన్న
మార్చి 3, రాత్రి 11:20

అక్కా, మా బిడ్డది కూడా ఇదే కథ. ఇప్పుడు ఏడేండ్లు. ఐదేండ్లప్పుడే ఏడేండ్ల పిల్లలెక్క కనపడేది. మేము డాలస్ దిక్కు ఉంటం.

ఒక జాతరలో, పేరెందుకులే, గిరగిర తిరిగే బండి ఎక్కించిన. ఎత్తు కొలిసిండ్రు, సరిపోయింది. ఒళ్ళ మీదికి దిగి పట్టుకునే కడ్డీ, అదే బారు, ఇద్దరికీ కలిపి ఒకటే. అది వచ్చి నా తొడ మీద ఆగింది. నేను జర లావు మనిషిని. బిడ్డ తొడకూ బారుకూ మధ్యల నా పిడికిలి పట్టేంత సందు. నేను చూసుకునేలోపే బండి కదిలింది. రెండు నిమిషాలు ఎడమ చెయ్యి దాని కడుపు మీద అడ్డం పెట్టి బలంగ పట్టుకున్న. దిగినంక చూస్తే నా ముంజేతి మీద దాని గోళ్ళ గుర్తులు, నాలుగు చందమామల లెక్క. వారం దినాలు భుజం నొచ్చింది.

అప్పటి సంది ఎత్తు బోర్డు చూసి ఊకోను. బారు ఎవరిది వాళ్ళకు వేరేగ ఉన్నదా, ఇద్దరికీ ఒకటేనా, అది ముందు చూస్త. ఒకటే ఉంటే బిడ్డను సన్నగున్న వాళ్ళమ్మ పక్కన కూసోబెడ్త.

బోల్టుల_బాబాయ్
మార్చి 4, ఉదయం 6:48

ఓరుగల్లు తమ్ముడు చెప్పింది అసలైన విషయం. నేను మెకానికల్ ఇంజనీర్‌ని. రైడ్లు కట్టే కంపెనీలో కాదు గానీ, సేఫ్టీ ఇంటర్‌లాకుల మీద, అంటే అన్నీ సరిగ్గా బిగిస్తేగానీ యంత్రం కదలకుండా చేసే ఏర్పాట్ల మీద, ఇరవై ఏళ్ళు పనిచేశాను.

ఎత్తు పరిమితి ఎందుకు పెడతారో చెప్తాను. బండి కుదిపినప్పుడు మనిషిని సీట్లో ఉంచేవి బారు, బెల్టు, భుజాల మీది పట్టీ. అవి ఎముక మీద, సరైన చోట ఆనాలి. బారు తొడల మీద, తుంటి దగ్గర ఆనాలి గానీ పొట్ట మీదికి రాకూడదు. భుజం పట్టీ భుజం మీదే ఉండాలి, మెడ పక్కకు రాకూడదు. నిజానికి కొలవాల్సింది కూర్చున్నప్పటి ఎత్తు, తొడ మందం, కాళ్ళు నేలకు ఆనుతున్నాయా లేదా. గేటు దగ్గర నిలబడి వేలమందికి ఇవన్నీ కొలవలేరు. ఒక గీత పెట్టి నిలబెడితే రెండు సెకన్లలో తేలిపోతుంది. అందుకే ఎత్తు. అమెరికాలో రైడ్ల డిజైన్‌కి, ప్రమాణాలు రాసే ఏ.ఎస్.టి.ఎం. అనే సంస్థ వారి ఎఫ్2291 అనే ప్రమాణం ఉంది. బండి ఎంత బలంగా తోస్తుందో, ఎటు తోస్తుందో చూసి ఏ రకం పట్టీ కావాలో అందులో వర్గాలు చేశారు.

పొడుగు పిల్లల్లో చిక్కు ఏమిటంటే, చాలామంది పొడుగుతో పాటు సన్నగా కూడా ఉంటారు. ఎత్తంతా కాళ్ళలోనే ఉండొచ్చు. నిలబడితే 44, కూర్చుంటే మామూలు నాలుగేళ్ళ పిల్లాడే. ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టి, నడుం వెనక్కి ఆనించి, పాదాలు నేలకు తగులుతున్నాయేమో చూడండి. తగలకపోతే వాడు కాళ్ళతో ఆనుకుని నిలదొక్కుకోలేడు. కుదుపంతా బారు మీదా మెడ మీదా పడుతుంది.

అమ్మాయ్, ఇంకో తిరకాసు. జాతరల్లో చిన్నపిల్లల రైడ్లకు గరిష్ఠ ఎత్తు కూడా ఉంటుంది. పొడుగు పిల్లల్ని బుల్లి విమానాల్లోకి రానివ్వరు, పెద్దవాటికి వాళ్ళు చిన్నవాళ్ళు. అప్పుడు ఆ ఏడుపు చూడలేం. ముందే బోర్డు చదివి అటు తీసుకెళ్ళకపోవడం మేలు.

చార్లెట్_సుబ్బు
మార్చి 4, ఉదయం 9:30

ఇంత ఆలోచిస్తే పిల్లలు పిరికివాళ్ళవుతారండీ. మా వాణ్ణి ఐదేళ్ళకే అన్నీ ఎక్కించాను. మొదటిసారి ఏడ్చాడు, రెండోసారి నవ్వాడు. నన్ను మా నాన్న గోదావరిలో పడేసే ఈత నేర్పాడు.

చిన్నపిల్లల_నర్సు
మార్చి 4, మధ్యాహ్నం 12:15

సుబ్బు గారూ, మీ అబ్బాయికి కలిసొచ్చింది, సంతోషం. అదే పని చేసి ఆ తర్వాత మూడేళ్ళు లిఫ్టు కూడా ఎక్కనన్న పిల్లల్ని నేను చూశాను. ఎవరు ఎటు తిరుగుతారో ముందు చెప్పలేం కాబట్టే కాస్త చూసుకోమంటున్నాం.

నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. ఎత్తు పెరిగినంత మాత్రాన మిగతావేవీ పెరగవు. చిన్నపిల్లల తల, ఒంటితో పోలిస్తే బరువు. మెడ కండరాలకు ఇంకా అంత బలం రాలేదు. పక్కలకు గట్టిగా విసిరే రైడ్లలో మనం మెడ బిగబట్టుకుంటాం. నాలుగేళ్ళ పిల్లాడికి ఆ సంగతి తెలియదు. పైగా మలుపు ముందుగా కనిపించకపోతే పెద్దవాళ్ళం కూడా బిగబట్టలేం.

నాకు అన్నిటికన్నా పెద్ద భయం వేరే. ఎదిగిన పిల్లాడు భయపడితే బారు గట్టిగా పట్టుకుంటాడు. నాలుగేళ్ళవాడు భయపడితే అమ్మ మీదికి ఎక్కబోతాడు, లేవబోతాడు, కిందికి జారి దాక్కోబోతాడు. ఒళ్ళు పొడుగు, చేతులు పొడుగు కాబట్టి ఆ పని ఇంకా బాగా చేయగలడు. అందుకే నేను తల్లులను ఒకటే అడుగుతాను: "కూర్చో, చేతులు లోపల పెట్టు" అని మీరు చెప్తే, ఏడుస్తూ కూడా ఆ మాట వింటాడా? వింటాడంటే ఎక్కించండి.

పొడుగు పిల్లల మీద మనందరం తెలియకుండా చేసే అన్యాయం ఒకటుంది. చూడ్డానికి ఆరేళ్ళవాడిలా ఉంటాడు కాబట్టి ఆరేళ్ళ వాడి బుద్ధి ఆశిస్తాం. ఏడిస్తే "ఇంత పెద్దవాడివి" అంటాం. క్యూలో పక్కవాళ్ళూ అంటారు. మీ బాబు వయసు నాలుగు. ఆ నాలుగు రోజులూ అది గుర్తుపెట్టుకోండి.

మెహదీపట్నం_స్వాతి
మార్చి 4, మధ్యాహ్నం 1:40

నర్సు గారి ఆఖరి మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. మేము హైదరాబాద్‌లోనే ఉంటాం. ఇక్కడ రావిర్యాల దగ్గర వండర్‌లా అనే వినోద పార్కులో టికెట్టే ఎత్తును బట్టి ఉంటుంది. 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, అక్కణ్ణుంచి 140 దాకా పిల్లల టికెట్, దాటితే పెద్దల టికెట్. మా పాప పదేళ్ళకే 141. పెద్దల టికెట్ తీశాం. తప్పేం లేదు, రూలు అది.

కానీ ఆ టికెట్ తీసిన దగ్గర్నుంచి అది మొహం బిగించుకుని అన్నీ ఎక్కుతానంది. ఎదర లూపు తిరిగే కోస్టర్ చూసి చేతులు చల్లబడ్డాయి, అయినా "నాకు పెద్ద టికెట్ కదమ్మా, డబ్బులు వేస్టవుతాయి" అంది. నాకు గుండె కలుక్కుమంది. పక్కకు తీసుకెళ్ళి కూర్చోబెట్టి, మొక్కజొన్న కంకి కొనిపెట్టి, "డబ్బులు నీళ్ళలో ఆడుకోవడానికి కట్టాం" అని చెప్పాను. సాయంత్రం దాకా అలల కొలనులోనే ఉంది.

తెనాలి_అమ్మాయి
మార్చి 4, రాత్రి 9:55

స్వాతి గారూ, మీ పాపకు నా ముద్దు. ఇక్కడ టికెట్ వయసును బట్టే: మూడేళ్ళ లోపు ఉచితం, మూడు నుంచి తొమ్మిది దాకా పిల్లల ధర. ఆ బాధ లేదు.

బాబాయ్ గారూ, కుర్చీ పరీక్ష చేశాం. డైనింగ్ కుర్చీలో వెనక్కి ఆనించి కూర్చోబెడితే పాదాలకూ నేలకూ మధ్య జానెడు ఖాళీ! మా వారు కిందికి వంగి చూసి ఏమీ మాట్లాడలేదు. లిస్టులోంచి ఎవరెస్ట్ ఆయనే కొట్టేశారు. స్పేస్ మౌంటెన్ మాత్రం "వాడు ఎక్కువ అడిగేది రాకెట్టే" అని ఉంచారు. చూద్దాం.

సీతమ్మధార గారూ, మరి ఏ వరసలో వెళ్ళమంటారు?

సీతమ్మధార_టాంపా
మార్చి 4, రాత్రి 10:40

మొదట బార్న్‌స్టార్మర్. 35 అంగుళాలు, నిమిషం లోపు అయిపోతుంది, ఆరుబయట. కోస్టర్ అంటే ఏమిటో వాడికి అక్కడ తెలుస్తుంది. దిగగానే మొహం చూడండి. నోటితో చెప్పేదానికన్నా మొహం నిజం చెప్తుంది. "మళ్ళీ" అంటే సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్, 38. అందులో కొంత గని లోపల చీకటిగా ఉంటుంది గానీ రత్నాలు మెరుస్తుంటాయి, బొమ్మలు పాడుతుంటాయి. అది దాటితే మర్నాడు స్లింకీ.

సోరిన్ తప్పకుండా. 40 అంగుళాలు. పెద్ద తెర ముందు సీట్లు గాల్లోకి లేస్తాయి, ఎక్కడా పడిపోయినట్టు ఉండదు. ఉయ్యాల పిల్లలకు పండగ. చిన్నవాళ్ళకు బెల్టు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీలోంచి దూర్చి పెడతారు, సాయం అడగండి.

ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ ఈసారికి వదిలేయండి. మోటారుసైకిల్ మీద కూర్చున్నట్టు ఒక్కడే కూర్చోవాలి, వెనక నుంచి పట్టీలు వచ్చి నడుముకూ కాళ్ళకూ బిగుసుకుంటాయి. కదలకుండా పట్టేసినట్టుంటే కొందరు పిల్లలు తట్టుకోలేరు.

ఎత్తు నిబంధన లేనివన్నీ తేలికనుకోకండి. హాంటెడ్ మ్యాన్షన్‌కి ఏ పరిమితీ లేదు, కానీ చీకటి, దయ్యాలు, తలుపులు మూసేసిన గది. పైరేట్స్ అనే సముద్రపు దొంగల రైడ్‌లో పడవ చీకట్లో ఒకచోట కిందికి జారుతుంది. మీవాడికి ఈ రెండూ స్లింకీ కన్నా కష్టం కావచ్చు.

ప్రతి రైడ్‌కీ యూట్యూబ్‌లో ముందు సీటు నుంచి తీసిన వీడియోలుంటాయి. ఒళ్ళో కూర్చోబెట్టుకుని సౌండ్ పెట్టి చూపించండి. శబ్దం పడని పిల్లలకు చెవుల మీద పెట్టే మఫ్స్ కొనండి, రాత్రి బాణసంచాకు కూడా పనికొస్తాయి.

ఏడేళ్ళ లోపు పిల్లలతో పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళు ఎవరో ఒకరు ఎక్కాలి, అది రూలు. పిల్లాడు ఎక్కనంటే రైడర్ స్విచ్ అడగండి: ఒకరు ఎక్కి వచ్చాక, పిల్లాడి దగ్గర ఆగినవాళ్ళు మళ్ళీ మొత్తం క్యూ నిలబడకుండా వెళ్ళొచ్చు. మీకు అత్తగారు, మామగారు ఉన్నారు కాబట్టి ఇద్దరూ కలిసే వెళ్ళొచ్చనుకోండి. పెద్దవాళ్ళకు మాత్రం నీడ, మజ్జిగ చూసి కూర్చోబెట్టండి. ఏప్రిల్ ఎండ కూడా తక్కువేం కాదు.

అన్నట్టు, షూస్ వేసే కొలుస్తారు. జుట్టు ముడి మాత్రం లెక్కలోకి రాదు. మా పాపకు నడినెత్తిన ముడి వేస్తే దాన్ని మెల్లిగా నొక్కి కొలిచారు.

ఓరుగల్లు_నాన్న
మార్చి 4, రాత్రి 11:02

ఒక్క ముచ్చట. క్యూల గంటసేపు నిలబడ్డంక ఆఖర్ల బిడ్డ వద్దంటే మనకు కోపమొస్తది. ఆ కోపం రాకుండ ఇంటికాడనే మాట ఇయ్యుండ్రి: "సీటు దాక పోయి వద్దన్నా సరే, ఏమనం." ఎక్కేకాడ పనిచేసేటోళ్ళకు చెప్తే పక్క తొవ్వ చూపిస్తరు. రోజూ ఎందరికో చూపిస్తరు వాళ్ళు.

తెనాలి_అమ్మాయి
ఏప్రిల్ 19, సాయంత్రం 6:30

వచ్చేశాం. ఒళ్ళు నొప్పులు తగ్గాక రాస్తున్నాను.

బార్న్‌స్టార్మర్ దిగి "అయిపోయిందా?" అన్నాడు. మైన్ ట్రైన్ మొదటిసారి అసలు నోరు విప్పలేదు. నాకు భయమేసింది. దిగి పది అడుగులు నడిచాక ఆగి, "అమ్మా, డైమండ్లు నిజమైనవేనా" అన్నాడు. స్లింకీ మూడుసార్లు ఎక్కాడు. మధ్యలో బండి ఆగి మళ్ళీ దూసుకుపోయే చోట రెండు చేతులూ పైకెత్తి అరిచాడు. ఆ ఫొటో కొన్నాం.

సోరిన్‌లో చెట్ల మీదుగా వెళ్తున్నట్టు వచ్చినప్పుడల్లా కొమ్మలు తగులుతాయని చెప్పులు రెండూ పైకి ఎత్తేశాడు. పక్కన మామగారు కూడా ఎత్తేశారు. ఆయన డెబ్బై ఏళ్ళ మనిషి, ఆ రైడ్ ఇంకోసారి ఎక్కుదామన్నారు.

సీతమ్మధార గారు హెచ్చరించినా హాంటెడ్ మ్యాన్షన్ దగ్గర నేనే తప్పు చేశాను. వరస చిన్నదిగా ఉంది, పరిమితి లేదు కదా అని లోపలికి తీసుకెళ్ళాను. తలుపు మూసుకోగానే నా చున్నీలో తల దూర్చినవాడు బయటికొచ్చేదాకా తీయలేదు. ఆ రాత్రి హోటల్లో బాత్రూమ్ లైటు చాలదన్నాడు, గది లైటు కూడా వేసే పడుకున్నాం.

టవర్ ఎక్కించలేదు. బయట నిలబడితేనే పైనుంచి అరుపులు వినిపించాయి. "వాళ్ళకి ఎవరూ సాయం చెయ్యరా?" అని అడిగాడు. మా వారు ఒక్కరే వెళ్ళొచ్చారు.

ఇక స్పేస్ మౌంటెన్. మూడో రోజు. కొలిచే చోట గీత దాటి నిలబడ్డాడు, అక్కడి అమ్మాయి చప్పట్లు కొట్టింది, వీడి మొహం వెలిగిపోయింది. క్యూలో నలభై నిమిషాలు. బండి కనిపించే చోటికి వచ్చాక మా వారు మోకాళ్ళ మీద కూర్చుని చూపించారు: "అదిగో, నువ్వు ఆ సీట్లో. నీ వెనక నేను. నా వెనక అమ్మ."

"చెయ్యి పట్టుకోవచ్చా?"

"కుదరదు నాన్నా. కానీ నీ వెనకే ఉంటా."

వాడు బండి వంక చూశాడు, వాళ్ళ నాన్న వంక చూశాడు. "అయితే నాకు ఫైవ్ వచ్చాక" అన్నాడు.

మా వారు ఒక్క మాట అనలేదు. ఎత్తుకున్నారు. అక్కడున్న అబ్బాయి పక్క దారి చూపించాడు. పొడుగు కాళ్ళు ఆయన మోకాళ్ళ దాకా వేలాడుతుంటే, అలాగే ఎత్తుకుని బయటికొచ్చాం.

సీతమ్మధార_టాంపా
ఏప్రిల్ 19, రాత్రి 8:15

చదివి చాలా సంతోషించాను. ఐదు నిండాక వాడే అడిగితే ఆ సీటు ఫొటో ఒకటి చూపించి, వాడి జవాబు వినండి. అప్పుడూ వద్దంటే సరే. ఈసారి వస్తే మా ఇంట్లోనే దిగాలి, మామగారిని సోరిన్‌కి నేను తీసుకెళ్తాను.